నడవాల్సింది పట్టీలు

గొర్రెకు మోకాలు పట్టేస్తే దానికోసం ఒక డైరెక్టరు, ఒక చల్లటి గది, ఇద్దరు పశువుల డాక్టర్లు, గాజుగిన్నెల్లో పసిబిడ్డల్లా సాకిన కణాలు. బీరమ్మకు మోకాలు పట్టేస్తే మూత ఊడిన ఆయింట్‌మెంటు డబ్బా. అదీ ఆమె మొగుడు గుర్వయ్య తన నడుముకు సగం రాసుకున్నాక మిగిలింది. ఇదేం అన్యాయం అని అడిగేవాళ్లకు సైన్సు తెలియదన్నమాట. సైన్సులో ముందు గొర్రె, ఆ తర్వాతే మనిషి. అదే వరస.

బీరమ్మది జడ్చర్లకు దగ్గరలోనే, గుట్టల నడుమ ఉన్న చిన్న ఊరు. అరవైకి ఒకటో రెండో తక్కువ. నలభై ఏళ్లు జీవాల వెంట రాళ్లలో తిరిగిన కాళ్లు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పోనీ నిలబడే బతుకుదామంటే దానికి కుడి మోకాలు ఒప్పుకోదు. రెండేళ్లుగా ఆమె బువ్వ తినేది బోర్లించిన బకెట్ మీద కూర్చునే. పెళ్లిళ్లకు పోతే అందరూ కింద బంతిలో కూర్చుంటారు, ఈమె గోడకు ఆనుకుని విస్తరి చేతిలో పట్టుకుని మెతుకులు ఏరుకుంటుంది. నలుగురితో పాటు నేలమీద సక్కలముక్కలం వేసుకుని ఒక పూట తినాలి, ఎవరూ చెయ్యి అందించకుండా లేవాలి. బీరమ్మ దేవుణ్ని అడిగే వరం ఇంతే. దేవుడు మాత్రం ఉలుకూ పలుకూ లేడు.

దేవుడు పలకకపోయినా కీళ్ల పరిశోధన కేంద్రం పలికింది. జడ్చర్ల రోడ్డు మీద మందుల కంపెనీల పక్కన అద్దాల గోడలతో కొత్తగా లేచిన కేంద్రం అది. ఉచిత మోకాళ్ల శిబిరం అని ఆటోలో మైకు తిప్పారు. బీరమ్మ గుర్వయ్యను లాక్కుని పోయింది. ఎక్స్‌రే తీశారు. డైరెక్టర్ డాక్టర్ వెంకటేశ్ స్వయంగా ఆ ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు.

“బొక్కల నడుమ గుజ్జు అరిగిందమ్మా. దీనికి నాలుగు మెట్లుంటయి. నువ్వు రెండో మెట్టు మీదున్నవు. ఫికరేం లేదు, మంచి మెట్టే.”

“మంచి మెట్టయితే గింత నొప్పేంది సారూ?”

నొప్పి ఆయన శాఖ కాదు. ఆయన శాఖ కణాలు. గుజ్జులో ఉండే కణాలను బయటికి తీసి, గాజుగిన్నెల్లో వేసి, లక్షల్లో పెంచి, సూదితో మోకాట్లోకి ఎక్కిస్తే కొత్త గుజ్జు మొలుస్తుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బీరమ్మ ఇంకో మాట అడగకుండా కాలు బల్లమీద పెట్టేసింది.

“గయితే ఎక్కియ్యి సారూ. ఇగో, చాపిన.”

“అరెరె, నీకు కాదమ్మా. ముందు గొర్రెలకు. వాటికి నయమైతే తర్వాత మనుషులకు.”

గొర్రెలు అనే మాట వినగానే అంతవరకూ కిటికీలోంచి కంపెనీ బస్సులు లెక్కబెడుతున్న గుర్వయ్య ఇటు తిరిగాడు. “మేము జీవాలే కాస్తం సారూ,” అన్నాడు.

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. ఆయన గొర్రెలు కేంద్రం వెనక సిమెంటు షెడ్డులో కూర్చుని దాణా తింటున్నాయి. అలా కూర్చున్న గొర్రె మోకాలికి నయమైతే ఒప్పుకోం, రాళ్లలో నడవాలి, ఎక్కాలి, దిగాలి అని అనుమతులిచ్చే పైవాళ్లెవరో రాశారట. రాళ్లు ఈ జిల్లాలో కొదవా? నడిపేవాళ్లే కావాలి.

“ఆరు గొర్రెలు ఇస్తం. ఆర్నెల్లు మీ మందతోటి తిప్పుండ్రి. గొర్రెలు పాసైతే మనుషుల లిస్టుల ఒకటో నంబరు నీదేనమ్మా,” అన్నాడు డైరెక్టరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ లిస్టు అనేది అప్పటికి ఆయన తలలో కూడా సరిగ్గా పుట్టలేదు. కానీ బీరమ్మ బస్సులో ఇంటికి వచ్చింది రెండో మెట్టు మనిషిగా కాదు, ఒకటో నంబరు మనిషిగా.

వారం తిరక్కుండా వ్యాను వచ్చింది. ఆరు గొర్రెలు దిగాయి. ఒక్కోదాని వీపు మీద ఆకుపచ్చ రంగుతో నంబరు, వెనక కాలికి రబ్బరు పట్టీ, పట్టీలో అగ్గిపెట్టె అంత యంత్రం. వాటితోపాటు శ్రవణ్‌కుమార్ అనే ఉద్యోగి కూడా దిగాడు. ఆయన సైంటిస్టు కాదు, సైంటిస్టు కింద పనిచేసేవాడు. అందుకే సైంటిస్టు కంటే గట్టిగా మాట్లాడేవాడు.

“అవ్వా, ఇను. మూడింటి మోకాళ్లల్ల కణాలు ఎక్కించినం. మూడింటికి ఉత్త ఉప్పునీళ్లు. ఏవి ఏవో చెప్పం. గది సీక్రెట్. నాకు గూడ తెల్వది. ఆఫీసుల బీరువల ఉన్నది.”

బీరమ్మ దొడ్డి కట్టెకు ఆనుకుని గొర్రెలు లోపలికి పోతుంటే చూసింది. ఒకటి, మూడు, ఆరు దర్జాగా పోయాయి. రెండు, నాలుగు, ఐదు వెనక కాలు ఈడ్చుకుంటూ పోయాయి. బీరువాలో తాళమేసి దాచిన రహస్యం ఆకు నమిలినంత సేపట్లో తేలిపోయింది.

“ఉప్పునీళ్లవి గా మూడు,” అంది.

“ష్! గట్ల అనొద్దు,” అన్నాడు శ్రవణ్‌కుమార్, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూస్తూ. వినడానికి గుర్వయ్య తప్ప ఎవరూ లేరు, గుర్వయ్య ఎవరి మాటా వినేరకం కాదు.

మరునాడు పొద్దున గుర్వయ్య మందను తోలుకుని గుట్టకు బయలుదేరాడు. మంచి మూడూ మందలో కలిసిపోయాయి. కుంటి మూడింటిని మాత్రం బీరమ్మ దొడ్డి దాటనివ్వలేదు. ఇది ఆమె పెట్టిన రూలు కాదు. ఆమె అత్త చెప్పింది, అత్తకు వాళ్ల అత్త చెప్పింది: కుంటుతున్న జీవాన్ని నడిపించినవాని మంద నిలవదు. కాలు ఆనేదాకా దాన్ని కూర్చోబెట్టాలి, మేత దాని దగ్గరికే పోవాలి. వెనకటికి గుర్వయ్య కుంటివాటిని భుజాన వేసుకుని తెచ్చిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు గుర్వయ్య భుజాలు ఉద్యోగ విరమణ చేశాయి. గొంగడి మోయడానికే మూలుగుతాయి.

కాబట్టి బీరమ్మే పొద్దున కొడవలి పట్టుకుని గుట్టమొదటికి పోయి తుమ్మకొమ్మలు, సుబాబుల్ ఆకు కోసి మోపు కట్టి నెత్తిన పెట్టుకొచ్చేది. ఊళ్లో నల్లాలున్నాయి గాని దొడ్డి ఊరవతల ఉంది. రోడ్డు పక్క బోరు నుంచి మధ్యాహ్నం రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు. మోకాలు గోల పెట్టేది. “జర ఆగు, నీ పనే చేస్తున్న,” అని దానికి సర్దిచెప్పేది.

వారానికి శ్రవణ్‌కుమార్ బండి మీద వచ్చాడు. పేడ బూట్లకు అంటుతుందని, గోమారి పురుగు కుడుతుందని దొడ్డి లోపలికి రాలేదు. పది అడుగుల దూరంలో బండి మీదే కూర్చుని ట్యాబ్లెట్ తెరిచాడు. పట్టీల్లోని లెక్క గాలిలో ఎగిరి ఆయన చేతికి వస్తుంది. అంత సౌకర్యం ఉన్నాక గొర్రె ముఖం చూడాల్సిన ఖర్మేముంది?

“అవ్వా! ఒకటి, మూడు, ఆరు ఓకే. రెండు సున్నా, నాలుగు సున్నా, ఐదు సున్నా! ఏం జేస్తున్నవు నువ్వు? గివ్వి అడుగు గూడ వెయ్యలే!”

“కుంటుతున్నయి కొడకా. ఎట్ల నడిపిస్త?”

“కుంటనియ్యి, ఏమన్న గానియ్యి. పట్టీలు నడవాలె. రోజుకు నాలుగు కిలోమీటర్లు. నాకు కంప్యూటర్ల లెక్క గావాలె. లేకుంటె డైరెక్టర్ సార్ మొత్తం బంద్ వెడ్తడు. లిస్టుల నీ నంబరు గూడ ఎగిరిపోతది, యాదివెట్టుకో.”

 బీరమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. “నడవాల్సింది పట్టీలేనా?” అని అడిగింది.

“పట్టీలే!” అన్నాడు ఆయన విసుగ్గా, బండి స్టార్ట్ చేస్తూ.

మూగజీవాన్ని నడిపిస్తే పాపం. నడిపించకపోతే లిస్టులో తన నంబరు పోతుంది. కానీ పట్టీ జీవం కాదు కదా, దానికి పాపమేముంది, పుణ్యమేముంది? మరునాడు పొద్దున బీరమ్మ రెండు, నాలుగు, ఐదు నంబర్ల పట్టీలు విప్పి, మూడింటినీ తన కుడికాలికి, వెండి కడియం పైన వరసగా కట్టుకుంది. మోపుకు ఒక తిరుగుడు, నీళ్లకు రెండు తిరుగుళ్లు. తర్వాతి సోమవారం శ్రవణ్‌కుమార్ వచ్చేసరికి పట్టీలు మళ్లీ గొర్రెల కాళ్లకే ఉన్నాయి. ట్యాబ్లెట్ చూసి ఆయన తల ఊపాడు.

“సూసినవా? గదిమితేనే పని అయితది.”

బీరమ్మ కూడా తల ఊపింది. ఇందులో మోసం ఉందని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. పట్టీలు నడవాలన్నారు, నడుస్తున్నాయి. గొర్రెలు కూర్చోవాలి, కూర్చున్నాయి. ఇద్దరి మాటా నిలబెట్టిన మనిషికి నిద్ర పట్టకపోవడానికి నొప్పి తప్ప వేరే కారణం లేదు.

బోరు దగ్గర పక్కింటి కోడలు పుష్ప చూసి నవ్వింది. “ఏందత్తా, కొత్త కడియాలా? మామ చేయించిండా?”

“మీ మామ చేయిస్తె ఎండితోటి చేయిస్తడా బిడ్డా? గిట్ల రబ్బరుతోటే.”

ఒకసారి శ్రవణ్‌కుమార్ సోమవారం రావాల్సింది శనివారమే దిగాడు.  పట్టీలు విప్పే వ్యవధి లేక బీరమ్మ చీర కిందికి లాక్కుని, దొడ్డిలో మూడు గొర్రెల నడుమ బకెట్ మీద కూలబడింది. ఆయన బండి మీద నుంచే ట్యాబ్లెట్ చూసుకుని, “వెరీ గుడ్, మూడూ ఒక్క జాగల్నే ఉన్నయి,” అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. నిజమే కదా, ఒక్క జాగాలోనే ఉన్నాయి.

నెలలు గడిచాయి. బీరమ్మ మోపు పెద్దదైంది, ఎందుకంటే తిని కూర్చున్న గొర్రెకు ఆకలి పెరుగుతుంది. నాలుగో నెలకు రెండో నంబరు గొర్రె లేచి దొడ్డిలో ఉరకడం మొదలుపెట్టింది. ఐదో నెలకు మూడూ కాళ్లు సమంగా ఆనించాయి. అప్పుడైనా వాటిని మందలో వదలొచ్చు కదా అని పుష్ప అంటే, “ఇంకో నెల కూసుండనియ్యి, మల్ల కుంటితే నా లిస్టు బరబాదయితది,” అంది బీరమ్మ. ఆ నెలలోనే ఆమె మోకాలు రాత్రిపూట బోనంకుండంత ఉబ్బడం మొదలైంది. అడుగు తీసి అడుగు వేస్తే లోపల రాయీ రాయీ ఒరుసుకున్నట్టు చప్పుడు. గుర్వయ్య ఒకనాడు చూసి జాలిపడి, “నొస్తే కూసోరాదే,” అని సలహా ఇచ్చాడు. ఇచ్చి, తాను అరుగు మీద కూర్చున్నాడు.

కానీ బీరమ్మకు ఈ మోకాలి మీద ఇప్పుడు అంత మమకారం లేదు. పాత ఇల్లు ఎలాగూ కూలగొట్టేదే అనుకున్నవాళ్లు దాని గోడకు మేకులు కొట్టడానికి వెనకాడతారా? ఇది పోతే కొత్త గుజ్జు వస్తుంది. ఒకటో నంబరు తనదే. అందుకే ఆఖరి నెలలో ఆమె పళ్లబిగువున ఇంకో బిందె ఎక్కువే మోసింది.

ఆర్నెల్లు నిండాయి. వ్యాను వచ్చి ఆరు గొర్రెలనూ తీసుకుపోయింది. పదిహేను రోజులకు ఫోను వచ్చింది: గొర్రెలు పాస్, మోకాళ్ల పరీక్షకు రావాలి. బీరమ్మ పెట్టెలోని నెమలికంఠం రంగు చీర కట్టింది. బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టి లాగాల్సి వచ్చింది. గుర్వయ్య అప్పటికే లోపల కిటికీ సీటు చూసుకున్నాడు.

కేంద్రం హాల్లో గోడకు తలుపంత అట్ట వేలాడుతోంది. దాని మీద పైకి ఎక్కుతున్న మూడు నీలం గీతలు, కిందికి జారుతున్న మూడు ఎర్ర గీతలు. డైరెక్టర్ వెంకటేశ్ కొత్త అల్లుణ్ని చూపించినట్టు దాన్ని చూపిస్తున్నాడు. పట్టీలు అడుగులు లెక్కపెట్టడమే కాదు, కాలు ఎంత ఆనింది, ఎంత కుంటింది కూడా రాస్తాయట.

“సూడమ్మా, కణాలు ఎక్కించినయి ఎట్ల నడిచినయో. ఉప్పునీళ్లవి నెలనెలకు ఎట్ల దిగజారినయో. మూడుకు మూడు ఒక్క తీరుగ కుంటినయి! ఒక్క అడుగు తేడా లేదు! ముప్పై ఏండ్ల సర్వీసుల ఇంత ముచ్చటైన లెక్క చూడలే.”

“అదే సార్ నా డౌటు,” అంది పక్కనే ఉన్న అమ్మాయి. అఖిల ఆమె పేరు. నల్లగొండ దిక్కు నేత కుటుంబం పిల్ల, ఇక్కడ కణాల మీద పరిశోధన చేస్తోంది. “మూడు జీవాలు ఒక్క అడుగు తేడా లేకుండ ఎట్ల కుంటుతయి సార్? మోకాళ్లకెల్లి తీసిన ముక్కలు మైక్రోస్కోపు కింద చూసిన. కణాలు ఆరింటిల మంచిగనే ఉన్నయి. గుజ్జు ఆరింటికీ ఒక్క తీరుగనే ఉన్నది.”

“నువ్వు ముక్క తప్పు కోసినవు.”

“మూడుసార్లు కోసిన సార్.”

“మూడుసార్లు తప్పు కోసినవు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా ఆ కుందేలును గోడకు కూడా వేలాడదీశాక నాలుగో కాలు మాట ఎవరెత్తినా తప్పే. 

బీరమ్మకు ఈ గీతలతో పని లేదు. ఆమె చెవిన పడింది గొర్రెలు పాసయ్యాయన్న ఒక్క మాటే. ఎక్స్‌రే తీయించుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని ఎదురుచూసింది. డైరెక్టరు ఫోటోను వెలుతురుకు పట్టాడు. పాత ఫోటో తీసి పక్కన పెట్టాడు. మళ్లీ చూశాడు.

“నాలుగో మెట్టు,” అన్నాడు.

“పైకెక్కిన్నా సారూ?”

“కాదమ్మా. గుజ్జు మొత్తం పోయింది. బొక్క బొక్క ఒరుసుకుంటున్నది. రెండో మెట్టు, మూడో మెట్టు వాళ్లకే ఈ సూది. నాలుగో మెట్టుకు రూల్స్ ఒప్పవు.” ఆయన గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. “ఆర్నెల్లల్ల ఇంత అరగడం ఎన్నడు సూడలే. ఏం జేసినవమ్మా? బరువులు మోసినవా?”

“మీ గొర్రెలనే సాదిన సారూ. ఒకటో నంబరు నాదన్నరు గద సారూ!” బీరమ్మ కుర్చీ అంచుకు జరిగింది. “నేను ఎవ్వల సొమ్ము అడగలే. నేలమీద కూసోని బువ్వ తినాలె అనుకున్న, గంతే.”

ఏడవకూడదనుకుంది గాని కన్నీళ్లు ఆగలేదు. నెమలికంఠం కొంగు తడిసిపోయింది. ఆర్నెల్ల నొప్పి ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఒకటో నంబరు అనుకునే కదా ప్రతి అడుగూ వేసింది!

అఖిల ముందుకు వచ్చింది. ఆమె తండ్రి సీతారాములు ముప్పై ఏళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కిన మనిషి. మోకాళ్లు పట్టుకుని లేచే మనుషుల్ని చూసి పెరిగిన పిల్ల. “సార్, నడక లెక్కన్న తీసి ఇస్త. పెద్ద దవాఖానల చూపిచ్చుకుంటది,” అని ఒక పట్టీ తెచ్చి బీరమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

బీరమ్మ ముక్కు తుడుచుకుంటూనే కుడికాలు ముందుకు జరిపి, కడియాన్ని వేలితో కిందికి నెట్టింది. అఖిల పట్టీ చుట్టబోతే, “గట్ల కాదు బిడ్డా, కొక్కెం లోపలి దిక్కు రావాలె. లేకుంటె కడియం ఒరుసుకుంటది,” అంది.

అఖిల చేయి ఆగిపోయింది. గొర్రెల పట్టీ కట్టే పద్ధతి ఈమె కాలికి ఇంత అలవాటుగా ఎలా తెలుసు? కడియం పైన చర్మం మీద మూడు వరసల కాయ కాసి ఉంది. అఖిల పట్టీ కట్టి, “జర నడువు అవ్వా,” అంది.

బీరమ్మ కుంటుకుంటూ హాలు ఆ చివరికి పోయి వచ్చింది. కంప్యూటరు ముందున్న శ్రవణ్‌కుమార్ కళ్లు నలుపుకున్నాడు. తెరమీద కొత్త గీత పుట్టి, తిన్నగా పోయి ఆ మూడు ఎర్ర గీతల కొసల మీద కూర్చుంది.

“సార్,” అన్నాడు, “ఏడో గొర్రె వచ్చింది.”

 బీరమ్మ తెర వైపు, గోడ మీది అట్ట వైపు మార్చి మార్చి చూసింది. చదువు రాకపోయినా తన నడక తనకు తెలియదా? జారుతూ జారుతూ పోయిన ఆ ఎర్ర గీతలో తన మోపులు, తన బిందెలు, తన ఉబ్బిన రాత్రులు అన్నీ కనిపించాయి.

“గది నేనే సారూ,” అంది.

 అంతా విన్నాక డైరెక్టరు, “ఇది మోసం!” అని అరిచాడు.

“మోసమేంది సారూ? పట్టీలు నడవాలన్నరు. నడిపిచ్చిన.” ఆమె శ్రవణ్‌కుమార్ వైపు చూసింది. శ్రవణ్‌కుమార్ ట్యాబ్లెట్ వైపు చూశాడు. ఆ ట్యాబ్లెట్ ఎవరి వైపు చూడాలో తెలియక ఆరిపోయింది.

అందరూ కేంద్రం వెనక షెడ్డుకు నడిచారు. బీరమ్మ గోడ పట్టుకుని అందరికంటే వెనక వచ్చి, నాలుక మడిచి మంద పిలుపు పిలిచింది. ఆరు గొర్రెలూ ఒక్క ఉరుకున వచ్చి ఆమె మీద పడ్డాయి. ఒక్కటీ కుంటలేదు. వీపు మీది ఆకుపచ్చ రంగు ఎప్పుడో వెలిసిపోయింది.

“రెండు, నాలుగు, ఐదు ఏవో చెప్పుండ్రి సార్,” అంది అఖిల.

సార్ చెప్పలేకపోయాడు. ముప్పై ఏళ్ల సర్వీసు గొర్రెల మధ్య దిక్కులు చూసింది. చివరికి గొంతు తగ్గించి, “ఉప్పునీళ్ల గొర్రెలకు గింత నయమెట్లయింది? ఏం మందు వెట్టినవమ్మా?” అన్నాడు.

“మందా? కూసోవెట్టిన సారూ. మేత నోటికాడికి, నీళ్లు నోటికాడికి. కుంటే జీవానికి గంతకంటె మందేముంటది?”

ఈ ముచ్చట గేటు దాటొద్దని డైరెక్టరు ఆజ్ఞ. ఎల్లుండి పైవాళ్లు వస్తున్నారు, అట్ట గోడకు ఎక్కింది, దింపేది లేదు. అఖిల మాత్రం ఎదురు తిరిగింది. “గీతలన్న తీసెయ్యాలె, లేకుంటె గీత కింద ఈమె పేరన్న రాయాలె సార్. నేను మాత్రం సంతకం పెట్ట,” అంది. డైరెక్టరు ఆమెకు రూలు చెప్పాడు. అది పశువుల పట్టిక, అందులో మనిషి పేరు రాయకూడదు. పోనీ మనుషుల పట్టికలో రాయమంటే, నాలుగో మెట్టు కాబట్టి అందులోనూ రాయకూడదు. రూలు చాలా స్పష్టంగా ఉంది. నలభై ఏళ్లు మందను కాసిన మనిషి గొర్రెల్లో చేరదు, మనుషుల్లోనూ చేరదు.

“నాకు పేరు వద్దు బిడ్డా, సదువు రాదు,” అంది బీరమ్మ, రెండో నంబరు గొర్రె చెవి నిమురుతూ. ఇప్పుడు ఆమె ఏడవడం లేదు. “గా కాయితం మీద నాకు గూడ గీ గొర్రెల మందే రాయి. ఆర్నెల్లు కూసోవాలె. మేత నోటికాడికి, నీళ్లు నోటికాడికి. తెచ్చిచ్చేటోని పేరు గూడ కిందనే రాయి.”

అఖిల జేబులోంచి చీటీ తీసి మొదటి మాట రాసింది. ఆర్నెల్లు విశ్రాంతి, బరువులు మోయకూడదు. రెండో మాట, తెచ్చిచ్చేవాని పేరు దగ్గర కలం ఆగింది. తలెత్తి గుర్వయ్య వైపు చూసింది. శ్రవణ్‌కుమార్ చూశాడు, డైరెక్టరు కూడా చూశాడు. బీరమ్మ అందరికంటే ఎక్కువసేపు చూసింది.

గుర్వయ్య ఒంగి, గొర్రె నడుము మీద వేళ్లతో నొక్కి చూస్తున్నాడు.

“ఇది మస్తు బలిసిందే,” అన్నాడు.